కొండల ఊళ్ళో మజిలీ: బృందయాత్రకు మోటెలే మేలని ఎందుకంటున్నాను

2024 నవంబరులో ఒక ఆదివారం సాయంత్రం గుంటూరు బ్రాడీపేటలోని మా డాబా మీద ఇరవై రెండు మందిమి కూర్చుని, న్యూజీలాండ్ యాత్రలో బస ఎక్కడన్న సంగతి మీద రెండు గంటలు వాదించుకున్నాం. విమానం టిక్కెట్ల మాట పావుగంటలో తేలింది, వీసాల మాట అంతకన్నా త్వరగా తేలింది, బస దగ్గరకు వచ్చేసరికి మాత్రం చర్చ ముడిపడింది. కారణం ఒకే ఒక్క మాట. నేను రాసుకొచ్చిన పట్టికలో క్వీన్స్‌టౌన్ అన్న అక్కడి కొండల ఊరి పేరుకు ఎదురుగా మోటెల్ అని ఉంది. నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దాయన ఒకరు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, "మోటెల్ అంటే లాడ్జే కదమ్మా? ఇన్ని లక్షలు పోసి అంత దూరం వెళ్ళి లాడ్జిలో పడుకుంటామా?" అని అడిగారు. ఆయనకు ఆ రోజు నేను సగం జవాబే చెప్పగలిగాను. మిగతా సగం అక్కడికి వెళ్ళి వచ్చాక తెలిసింది కనుక ఇప్పుడు రాస్తున్నాను.

ఆయన అడిగినదాంట్లో తప్పు లేదు. మన వైపు ఆ మాటకు మంచి పేరు లేదు. చెన్నై దాటి తమిళనాడులో రాత్రి బస్సుల్లో తిరిగినవారికి మోటెల్ అంటే డ్రైవరు తనకు నచ్చిన చోట బస్సు ఆపితే, ట్యూబులైట్ల వెలుగులో చల్లారిన ఇడ్లీలు ఎక్కువ ధరకు తిని రావలసిన చోటు. అమెరికాలో పిల్లలున్నవారికి మోటెల్ అంటే హైవే పక్కన ఏ గుజరాతీ కుటుంబమో నడుపుకునే చవక బస. ఈ మాట పుట్టిందీ అక్కడే. 1925లో కాలిఫోర్నియాలోని శాన్ లూయిస్ ఒబిస్పో అనే ఊళ్ళో ఆర్థర్ హైన్‌మన్ అనే వాస్తుశిల్పి కార్లలో వచ్చేవారి కోసం ఒక వసతి కట్టాడు. 'మోటార్ హోటల్' అన్న రెండు మాటలు బోర్డు మీద పట్టకపోవడంతో వాటిని కుదించి మోటెల్ అన్నాడు. ఆ తర్వాతి నూరేళ్ళలో ఆ మాట ఒక్కో దేశంలో ఒక్కో అర్థాన్ని కూడగట్టుకుంది. న్యూజీలాండ్‌లో దానికి స్థిరపడిన అర్థం హోటల్ కన్నా మన సత్రానికి దగ్గరగా ఉంటుందని నేను చెబితే మా డాబా మీద ఎవరూ నమ్మలేదు.

సత్రం అనగానే ఈ కాలం వారికి దుమ్ముపట్టిన వసారా, తలుపు సరిగా పడని గది గుర్తుకు రావచ్చు. కానీ ఆ ఏర్పాటు వెనుక ఉన్న ఆలోచన చూడండి. పదిమంది కలిసి వస్తారు, వారికి నీళ్ళు కావాలి, పొయ్యి కావాలి, బండి నిలుపుకోవడానికి చోటు కావాలి, ముసలివాళ్ళు మెట్లెక్కకుండా నడుం వాల్చడానికి నేల కావాలి. 1830 మే 18న చెన్నపట్నం నుంచి సుమారు నూరుమంది పరివారంతో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరిన ఏనుగుల వీరాస్వామయ్య గారు దారిలో ప్రతి మజిలీకీ రాసుకున్నవి ఈ సంగతులే. ఆ ఊళ్ళో నీటి వసతి ఎలా ఉంది, అంగళ్ళు ఉన్నాయా, దిగడానికి చోటు ఉందా అన్నవి ఆయన లెక్కలు. కిటికీలోంచి ఏం కనిపిస్తుందన్నది ఆయనకు పెద్ద విషయం కాదు. నూరుమందిని వెంటబెట్టుకున్న మనిషికి అది పెద్ద విషయం కాజాలదు కూడా. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలకు విజయవాడ సత్యనారాయణపురంలోని మా అన్నయ్య ఇంట్లో పదిహేడుమంది దిగినప్పుడు మా వదిన పడిన ఆరాటమంతా వేడినీళ్ళ గురించి, వంట గురించి, ఎవరికి ఏ గది అన్నదాని గురించే. ఇంట్లో ఇంత స్పష్టంగా తెలిసిన విషయాన్ని విదేశానికి డబ్బు కట్టేటప్పుడు ఎందుకు మరిచిపోతామో నాకు అర్థం కాదు.

మరిచిపోయినవారిలో నేనూ ఉన్నాను. 2018లో ఒక యాత్రా సంస్థ వెంట నలభై ఆరుమందితో యూరప్ వెళ్ళాం. అందులో ఒక మజిలీ స్విట్జర్లండ్‌లోని ఎంగెల్‌బర్గ్. 3,238 మీటర్ల టిట్లిస్ శిఖరం పాదాల దగ్గర, సముద్రమట్టానికి వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న అందమైన ఊరు అది. మాకిచ్చిన హోటల్ పాతది, గోడలకు చెక్క పనితనం ఉన్నది, మూడు నక్షత్రాలది. లిఫ్టు ఒక్కటే, అందులో సామానుతో ఇద్దరు పడితే గొప్ప. రాత్రి ఎనిమిదిన్నరకు బస్సు దిగిన మేము చివరి పెట్టె మూడో అంతస్తుకు చేరేసరికి పది దాటింది. మా అత్తగారి చెల్లెలికి అప్పటికి డెబ్బై రెండేళ్ళు, మోకాళ్ళ నొప్పులు, మధుమేహం. భోజనం కింద బేస్‌మెంటులో, గది మూడో అంతస్తులో, లిఫ్టు దగ్గర ఇరవైమంది వరుసలో. ఆవిడ ఇన్సులిన్ వేసుకుని, సంచిలో ఉన్న మేరీ బిస్కెట్లు నాలుగు తిని, కుళాయి నీళ్ళు తాగి పడుకున్నారు. పొద్దున ఆరింటికి ఫోను మోగించి లేపారు. టిట్లిస్ మీదకు మేమంతా వెళ్ళి మంచు చూసి వచ్చేదాకా ఆవిడ కింద బెంచీ మీద కూర్చున్నారు. కిటికీ తెర తీస్తే మాత్రం కొండ నిండుగా కనిపించేది. ఆ మాట దాచను.

ఇందులో ఆ సంస్థ మమ్మల్ని మోసగించలేదని నేను నమ్ముతాను. మూడు నక్షత్రాల హోటల్ ఇస్తామన్నారు, ఇచ్చారు. తప్పు మేము అడిగిన ప్రశ్నలో ఉంది. నక్షత్రాలు ఎన్ని అని అడిగామే తప్ప బస్సు మెట్టు నుంచి మంచం దాకా ఎన్ని అడుగులు, ఎన్ని మెట్లు, రాత్రి తొమ్మిదింటికి ఒక గ్లాసు వేడిపాలు కావాలంటే ఎవరిని లేపాలి అని అడగలేదు. ఒక్క జంట వెళ్ళినప్పుడు ఈ లెక్కలు పెద్దగా అక్కర్లేదు. లిఫ్టు కోసం రెండు నిమిషాలు ఆగడం ఇద్దరికి రెండు నిమిషాలే, నలభై ఆరుమందికి గంటన్నర. ఒక్కరికి చిన్న అసౌకర్యంగా కనిపించేది మందలో అందరి మీదా గుణించుకుంటూ పోతుంది. హోటళ్ళను కట్టేవారు చాలావరకు ఒక్కొక్క అతిథినీ దృష్టిలో పెట్టుకుని కడతారు కాబట్టి, ఆ గుణకారం గురించి ఆలోచించవలసిన బాధ్యత బృందాన్ని నడిపేవారిదే.

ఇక క్వీన్స్‌టౌన్. ఆ ఊరి భూమి తీరు తెలియకుండా అక్కడి బస గురించి మాట్లాడలేం. దాదాపు 80 కిలోమీటర్ల పొడవున, మెరుపుతీగలా వంకర్లు తిరిగిన వాకటిపు సరస్సు ఒడ్డున, రిమార్కబుల్స్ అనే గండ్రగొడ్డళ్ళ లాంటి కొండల ఎదుట, 1860ల బంగారు వేటలో పుట్టిన ఊరు అది. 1862లో పక్కనే ఉన్న యారో నదిలో బంగారం దొరికింది, జనం ఎగబడ్డారు, సరస్సు ఒడ్డున ఉన్న కాస్త సమతలం మీద ఊరు వెలిసింది, ఆ తర్వాత చోటు చాలక కొండవాలు ఎక్కింది. అందువల్ల ఇవాళ్టికీ ఊరి నడిబొడ్డున వీధులు ఇరుకు, కాస్త పక్కకు వెళితే ఏటవాలు. కొండవాలు మీద కట్టిన బసలకు సరస్సు బాగా కనిపిస్తుంది. బాగా కనిపించడానికి కారణమైన వాలే మోకాళ్ళకు శత్రువు. ఎనిమిది కిలోమీటర్ల దూరాన, విమానాశ్రయం ఉన్న ఫ్రాంక్‌టన్ వైపు భూమి చదును. అక్కడికి పోయే రోడ్డు పొడవునా, ఫ్రాంక్‌టన్‌లోనూ మోటెళ్ళు ఉన్నాయి. మేము చదునున్న చోటే తీసుకున్నాం. నడిబొడ్డు నుంచి దూరమైపోతామని మా బృందంలో చిన్నవాళ్ళు గొణిగారు. వారి బాధలో నిజం ఉంది. సాయంత్రం సరస్సు ఒడ్డున సందడి, 1912 నుంచి ఆ నీళ్ళ మీద తిరుగుతున్న ఎర్న్‌స్లా అనే బొగ్గు ఆవిరి పడవ, అన్నీ ఆ నడిబొడ్డునే ఉన్నాయి. వారు సిటీ బస్సు ఎక్కి వెళ్ళి వచ్చారు. యువకులకు బస్సు ఎక్కడం కష్టం కాదు, పెద్దలకు రోజుకు నాలుగుసార్లు వాలు ఎక్కడం కష్టం. ఎవరి వైపు మొగ్గాలన్నది నాకు అంత జటిలమైన ప్రశ్నగా తోచలేదు.

మోటెల్‌లో మేము దిగిన తీరు చెబుతాను. ఆంగ్ల అక్షరం ఎల్ ఆకారంలో ఒకటీ రెండూ అంతస్తుల కట్టడం, మధ్యలో వాహనాలు నిలిపే చోటు, ప్రతి గదికీ ఆ చోటులోకే తెరుచుకునే సొంత తలుపు. మా చిన్న బస్సు లోపలికి వచ్చి ఆగింది, ఎవరి పెట్టె వారు తీసుకుని పదిహేను అడుగులు నడిస్తే ఎవరి గుమ్మం వారిది. ఇరవై రెండు మందీ లోపలికి చేరడానికి పన్నెండు నిమిషాలు పట్టింది. నేను గడియారం చూసుకున్నాను. ఎంగెల్‌బర్గ్ గంటన్నర నా మనసులో అంత బలంగా నాటుకుంది మరి. తాళాలు ఇచ్చేటప్పుడు యజమానురాలు ఒక్కొక్క గదికీ ఒక చిన్న పాల డబ్బా చేతిలో పెట్టారు. నీలం మూతా ఆకుపచ్చ మూతా, అంటే వెన్న తీయనివా తీసినవా అని కూడా అడిగారు. ఆ దేశపు మోటెళ్ళలో అది పాత ఆనవాయితీ. అలసి వచ్చినవాడు ముందు టీ పెట్టుకుంటాడని వారికి తెలుసు. మా తోటికోడలు ఆ డబ్బాను చూసి, "వచ్చినవాళ్ళకి ముందు పాలిచ్చారంటే మనవాళ్ళే" అంది.

అక్కడ మోటెల్ గదిని యూనిట్ అంటారు. ఒక్క గదిది స్టూడియో, పడకగది విడిగా ఉన్నది ఒకటి, రెండు పడకగదులది మరొకటి. వంటమూల ప్రతి దానిలోనూ ఒకేలా ఉండదు కాబట్టి పొయ్యి ఉందా, మైక్రోవేవ్ మాత్రమే ఉందా అని ముందే అడగాలి. ఫ్రిజ్, కరెంటు కెటిల్, రొట్టెలు కాల్చే టోస్టరు, గిన్నెలు, పళ్ళేలు సాధారణంగా ఉంటాయి. పరుపు మీద పరిచి స్విచ్చి వేసే వెచ్చని దుప్పటి మాకు కొత్త. ఉమ్మడి చాకిరేవు గదిలో బట్టలుతికే యంత్రం, ఆరబెట్టే యంత్రం నాణేలు వేస్తే పనిచేస్తాయి. ఇరవై రెండు మంది పన్నెండు రోజుల బట్టలకు ఇది ఎంత అవసరమో వేరే చెప్పనక్కర్లేదు. హోటల్ అలవాటున్నవారు తెలుసుకోవలసిన తేడా ఒకటుంది. ఇక్కడ రాత్రంతా మేలుకుని ఉండే రిసెప్షన్ చాలాచోట్ల ఉండదు. యజమాని కుటుంబం అదే ఆవరణలో కాపురముంటుంది, రాత్రి ఎనిమిదో తొమ్మిదో అయ్యేసరికి కిటికీ మూసేస్తారు. ఆలస్యమవుతుందని ముందుగా ఫోను చేస్తే తాళం కవరులో పెట్టి పేరు రాసి ఉంచుతారు. ఫోను చేయకుండా పదకొండింటికి బెల్లు కొట్టడం వారి ఇంటి తలుపు కొట్టడంతో సమానం. బయటికి వెళ్ళే రోజున పొద్దున పదింటికల్లా గది ఖాళీ చేయాలన్న నియమాన్ని కూడా గట్టిగానే పాటిస్తారు.

బస ఏ ఊళ్ళో అన్న ప్రశ్నకు అసలైన పరీక్ష మిల్‌ఫర్డ్ సౌండ్ దగ్గర ఎదురవుతుంది. మావోరీ భాషలో పియోపియోటాహి అనే ఆ సముద్రపు పాయను చూడకుండా ఎవరూ రారు. క్వీన్స్‌టౌన్ నుంచి అక్కడికి రోడ్డు మీద 290 కిలోమీటర్లకు కాస్త తక్కువ, పోనూ నాలుగు గంటలు, రానూ నాలుగు గంటలు, పడవ మీద దాదాపు రెండు గంటలు, మధ్యలో ఆగడాలు. మొత్తం కలిపితే పన్నెండు గంటలు దాటుతుంది. ఆ దేశపు చట్టం ప్రకారం బస్సు డ్రైవరు ఒక పనిదినంలో పదమూడు గంటలకు మించి పనిచేయకూడదు, ఐదున్నర గంటల పనికి కనీసం అరగంట విరామం తీసుకోవాలి, ఆ పైన పది గంటలు విశ్రాంతి ఉండాలి. అంటే మన బృందంలో ఎవరో ఒకరు టాయిలెట్ దగ్గర పావుగంట, మరొకరు ఫొటోల దగ్గర పావుగంట ఆలస్యం చేస్తే ఆ భారమంతా డ్రైవరు గంటల మీద పడుతుంది. అతను గడియారం చూసుకుంటూ తొందరపెడితే మనవాళ్ళు అతన్ని దురుసు మనిషి అంటారు. ఆ దురుసుతనానికి కారణం అతను కాదు, క్వీన్స్‌టౌన్‌లో బస పెట్టి మిల్‌ఫర్డ్‌ను ఒక్కరోజులో ఇరికించిన పట్టిక.

మేము ఆ పట్టికను విరిచాం. మూడు రాత్రులు ఫ్రాంక్‌టన్‌లో ఉండి, ఆ తర్వాత 170 కిలోమీటర్ల దూరంలోని టె అనౌలో రెండు రాత్రులు మరో మోటెల్ తీసుకున్నాం. టె అనౌ చదునైన చిన్న ఊరు, దక్షిణ ద్వీపంలోకెల్లా పెద్ద సరస్సు దాని ముంగిట్లో ఉంది, మిల్‌ఫర్డ్ అక్కడి నుంచి 120 కిలోమీటర్లే. పొద్దున తొమ్మిదింటికి తీరిగ్గా బయలుదేరి, ఎగ్లింటన్ లోయలో ఆగి, హోమర్ సొరంగం దాటి వెళ్ళాం. 1935లో నిరుద్యోగ సహాయపు పనుల కింద గడ్డపారలతో మొదలుపెట్టి 1954లో గాని వాహనాలకు తెరవని సొరంగం అది, పొడవు పన్నెండు వందల మీటర్ల పైచిలుకు, లోపల ఏటవాలు. ఇంజనీరు గారు బస్సు దిగి దాని ముఖద్వారాన్ని పదిహేను నిమిషాలు చూస్తూ నిలబడ్డారు. ఒక్కరోజు యాత్ర అయితే ఆయనకు ఆ పదిహేను నిమిషాలు ఎవరూ ఇచ్చేవారు కాదు. ఏడాదికి ఆరు మీటర్లకు పైగా వాన కురిసే ఆ చోట, మీటరుకు అటూ ఇటూ వానతో ఏడాది గడిపే గుంటూరు జనం గొడుగులు విరగ్గొట్టుకుని, తడిసి ముద్దై, చీకటి పడకముందే గదులకు చేరి హీటరు ముందు చీరలు ఆరేసుకున్నారు.

టె అనౌలో మొదటి ఉదయం ఏప్రిల్ 25. అది అంజాక్ దినమని, యుద్ధాల్లో పోయినవారిని తలుచుకునే ఆ రోజున దుకాణాలు చాలావరకు మధ్యాహ్నం ఒంటిగంట దాకా తెరవకూడదని నాకు తెలుసు, తెలిసి కూడా ముందురోజు సాయంత్రం సరుకులు కొనడం మరిచాను. మోటెల్ వారిచ్చిన పాలు, మా సంచుల్లోని ఉప్మారవ్వ మమ్మల్ని ఆదుకున్నాయి. ఇది నా తప్పు కనుక నా ఖాతాలోనే రాసుకుంటున్నాను.

ఉప్మారవ్వ మాట వచ్చింది కనుక అసలు వివాదానికి వస్తాను. మోటెల్‌కు వ్యతిరేకంగా మా డాబా మీద వినిపించిన వాదాల్లో లాడ్జి అన్న మాట తేలికైనది. బరువైన వాదం మా బృందంలోని ఒక ఉపాధ్యాయురాలిది. "ఇంట్లో ముప్పై ఐదేళ్ళు వండాను. సముద్రాలు దాటి వెళ్ళి అక్కడా పొయ్యి ముందు నిలబడాలా? హోటల్లో అయితే నన్ను ఎవరూ కాఫీ అడగరు" అంది ఆవిడ. ఈ మాటకు చాలామంది మగవారు నవ్వారు. నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే అది పూర్తిగా నిజం. వంటగది ఉన్న బస ఇస్తే మన కుటుంబాల్లో ఆ వంటగది ఎవరి నెత్తిన పడుతుందో అందరికీ తెలుసు. మోటెల్‌ను సమర్థించేవారు దీనికి జవాబు చెప్పకుండా ఫ్రిజ్, పొయ్యి అంటూ లెక్కపెడితే అది మోసమే.

నా జవాబు ఇది. వంటమూల ఉండడం వేరు, అక్కడ మూడు పూటలా వండవలసి రావడం వేరు. బయలుదేరకముందే మేము కొన్ని కట్టుబాట్లు రాసుకున్నాం. మధ్యాహ్న భోజనం ఎప్పుడూ బయటే. పొద్దున రొట్టె, పండ్లు, పాలు ఎవరి గదిలో వారివి. రాత్రికి మాత్రం అన్నం, ఒక పప్పో చారో, పెరుగు. అంతకు మించి ఎవరూ ఏమీ వండకూడదు, పచ్చళ్ళతో సరిపెట్టుకోవాలి. ఆ వంట రోజుకొక రెండు యూనిట్ల వంతు, ఆ వంతులో మగవారు పాత్రలు కడగాలి, కడగడమంటే సింకులో వేసి నీళ్ళు తిప్పడం కాదు. మొదటి రెండు రోజులూ ఈ చివరి నిబంధనకు వివరణలు అవసరమయ్యాయి. మూడో రోజుకు సర్దుకుంది. ఉపాధ్యాయురాలు పన్నెండు రోజుల్లో ఒక్క పూటే పప్పు వండింది, తన వంతున, తనకు ఇష్టమై. ఇదే మందిమి హోటల్లో దిగి ఉంటే రాత్రి ఏడున్నరకు ఇరవై రెండు మందికి చోటున్న రెస్టారెంటు వెతికి, బస్సు ఎక్కి, బంగాళదుంప ముక్కలు తిని, తొమ్మిదింటికి పెరుగన్నం లేదని నిట్టూర్చి పడుకునేవాళ్ళం. యాత్రలో ఏడో రోజుకు మన పెద్దవారిలో వచ్చే నీరసానికి ఎక్కువసార్లు కారణం నడక కాదు, వేళకు దొరకని మెతుకు.

సరుకుల గురించి ఒక మాట. ఆ దేశపు సరిహద్దులో ఆహారం విషయంలో చాలా కఠినంగా ఉంటారు. తెచ్చిన తినుబండారం ఏదైనా దేశంలోకి వచ్చేటప్పుడు ఇచ్చే ప్రకటనలో చెప్పి తీరాలి, చెప్పకుండా దొరికితే అక్కడికక్కడే 400 న్యూజీలాండ్ డాలర్ల జరిమానా. తేనె, పచ్చి పండ్లు, విత్తనాలు తీసుకెళ్ళే ఆలోచనే వద్దు. మేము నెయ్యి, సున్నుండలు ఇంట్లోనే వదిలేసి, ఆవకాయా కందిపొడీ సీలు వేసిన ప్యాకెట్లలో పట్టుకెళ్ళి, అన్నీ రాసిచ్చాం. అధికారి ప్యాకెట్లు చూసి, అడగవలసినవి అడిగి పంపించేశాడు. బియ్యం, పప్పు, పెరుగు ఫ్రాంక్‌టన్ సూపర్ మార్కెట్లలో దొరుకుతాయి. కరెంటు మనలాగే 230 వోల్టులే కనుక మన రైస్ కుక్కర్ పనిచేస్తుంది, ప్లగ్గుకు మాత్రం ఏటవాలు పుల్లల అడాప్టరు కావాలి.

మోటెల్ మనకు ఎంత మేలో చెప్పాను. మనం మోటెల్‌కు ఎంత బరువో కూడా చెప్పకపోతే వాదం ఒంటికాలి మీద నిలబడుతుంది. ఫ్రాంక్‌టన్‌లో రెండో రాత్రి, కట్టుబాటును లెక్కచేయకుండా, మా బంధువొకావిడ చారులోకి ఎండుమిరపకాయలతో నాలుగు గరిటెల నూనె కాచి పోపు వేసింది. గుంటూరు మిరపకాయ ఘాటు మన పెరటిలో గాలికి పోతుంది. కిటికీలు బిగించిన పది అడుగుల గదిలో అది పోయే దారి లేదు. పొగ పసిగట్టే అలారం కూసింది, పక్క యూనిట్‌లో చంటిపిల్లతో ఉన్న దంపతులు బయటికి పరుగెత్తుకొచ్చారు, యజమాని చెప్పులు కూడా లేకుండా వచ్చాడు. ఆయన కోపగించుకోలేదు, ముఖంలో మాత్రం అలసట కనిపించింది. తెరలకూ తివాచీకీ పట్టిన వాసన పోయేదాకా, మేము వెళ్ళాక కూడా ఆ గదిని వెంటనే ఇంకొకరికి ఇవ్వలేకపోవచ్చని ఆయన చెప్పినప్పుడు నాకు తల కొట్టేసినట్టయింది. శుభ్రపరచడానికి అయిన ఖర్చు మా ఉమ్మడి డబ్బులోంచి ఇచ్చాం. వేపుళ్ళు, పోపులు మోటెల్ గదిలో వద్దన్నది అప్పటినుంచి మా మొదటి నియమం. పోపు వేసిన పొడులు ఇంటినుంచే తెచ్చుకోవచ్చు.

రెండో బరువు స్నానాల గది. అక్కడ నీళ్ళు పోయే తూము స్నానం చేసే తొట్టిలోనే ఉంటుంది, మిగిలిన నేల పొడిగా ఉండాలి. బకెట్టు, చెంబు ఉండవు. అలవాటు కొద్దీ నేల మీద నీళ్ళు కుమ్మరిస్తే అవి గది తివాచీలోకో కింది అంతస్తు కప్పులోకో దిగుతాయి. పెద్దవారికి ఇది మాటల్లో చెబితే ఎక్కదు, ముందు ఒకరు గదిగదికీ వెళ్ళి చూపించాలి. మూడో బరువు మన గొంతులు. తలుపులన్నీ ఒకే ఆవరణలోకి తెరుచుకోవడం మాకు ముచ్చటగా ఉంది, రాత్రి పదింటికి ఆ ఆవరణలో నిలబడి రేపటి కార్యక్రమం చర్చించుకోవడం ఇంకా ముచ్చటగా ఉంది. ఇతరులకు లేదు. ఒక సంగతి గమనించాను. మనవాళ్ళు దిగితే గదులు పాడవుతాయని బయట వినిపించే మాటకు మనం మనసు నొచ్చుకుంటాం, కానీ దాన్ని నిజం చేసే పనులు మూడే ఉన్నాయి, మూడూ మన చేతిలో ఉన్నవే.

బృందాన్ని నడిపేవారికి అన్నిటికన్నా చెమట పట్టించేది గదుల జాబితా. దాన్ని వారు రూమింగ్ లిస్ట్ అంటారు. ఎవరు ఎవరితో అన్నది పేరుపేరునా ముందే రాసి పంపాలి. సాధారణంగా స్టూడియోలో ఒక పెద్ద మంచం, ఒక చిన్న మంచం ఉంటాయి. భార్యాభర్తలకు అది సరిపోతుంది. ఒంటరిగా వచ్చిన ఇద్దరు స్త్రీలకు ఎవరు పెద్ద మంచం, ఎవరు చిన్న మంచం అన్నది మొదలవుతుంది. రెండు పడకగదుల యూనిట్‌లో అక్కాచెల్లెళ్ళు సుఖంగా ఉంటారు, వియ్యపురాళ్ళు ఉండలేరు. కలిసి రావడానికి ఒప్పుకున్నవాళ్ళు కలిసి పడుకోవడానికి ఒప్పుకున్నట్టు కాదు. భర్త పోయిన స్త్రీ ఒక్కతే గది కావాలంటే అదనపు డబ్బు కట్టాలన్న వ్యాపార పద్ధతి నాకు న్యాయంగా తోచదు. మా బృందంలో ఆ అదనాన్ని అందరి మీదా పంచాం, ఇద్దరు అభ్యంతరపెట్టారు, అయినా పంచాం. జాబితాలో చాలామంది మరిచిపోయే పేరు డ్రైవరుది. అతనికి విడిగా ఒక గది, రోడ్డు చప్పుడు లేని చోట, ఇవ్వాలి. మర్నాడు కొండదారిలో మన ప్రాణాలు అతని నిద్ర మీద ఆధారపడి ఉంటాయి.

అన్ని కాలాల్లోనూ, అందరికీ మోటెల్ మేలని నేను అనను. జూన్ చివర నుంచి సెప్టెంబరు దాకా అక్కడ చలికాలం, 1947లో మొదలైన కొరోనెట్ పీక్ లాంటి మంచుక్రీడల వాలుల కోసం జనం కిక్కిరిసే కాలం. అప్పుడు గదుల ధర పెరుగుతుంది, మిల్‌ఫర్డ్ దారిలో హిమపాతాల భయంతో రోడ్డు మూసేస్తుంటారు. ఏప్రిల్‌లో వరమైన ఆ బయటి గుమ్మమే జులైలో పెద్దలకు ప్రమాదం. తెల్లవారుజామున ఆవరణ నేల మీద నీరు గాజులా గడ్డకడుతుంది, గది నుంచి బస్సుకు ఆ పదిహేను అడుగులే తుంటి ఎముకలు విరగడానికి చాలు. ఆ కాలంలో లోపలి వసారాలు, లిఫ్టు ఉన్న హోటల్‌కే నేను ఓటు వేస్తాను. ఇక సంఖ్య సంగతి. నలభై ఆరుమందిని ఒక్క కుటుంబం నడిపే మోటెల్‌లో పట్టించలేం, రెండుచోట్ల దింపితే పొద్దున బయలుదేరడం ఒక యుద్ధం. యాత్రా సంస్థలు బస్సు సీట్లు నిండడాన్ని బట్టి బృందాన్ని కూడగడతాయి, ఆ తర్వాత ఆ మందకు సరిపడే హోటల్ వెతుకుతాయి. ఆ వరుస తిరగబడాలన్నదే నా వాదం. ముందు బస చూడాలి, అందులో పట్టేంతమందినే పిలవాలి. ఇరవై, ఇరవై రెండు దాటితే ఇంకొక బృందం ఇంకొక నెలలో వెళ్ళాలి. ఇలా చేస్తే తలకు ఖర్చు కొంచెం పెరుగుతుంది. మాకూ పెరిగింది, రాత్రి భోజనాల మీద మిగిలినది ఆ పెరుగుదలలో చాలా భాగాన్ని పూడ్చింది.

ఇంజనీరు గారు తిరిగి వచ్చాక మోటెల్ మంచిదని నాతో ఎప్పుడూ అనలేదు. వచ్చే ఏప్రిల్‌కు వనాకా ఊరికి వేస్తున్న యాత్రలో తన పేరు రాయించి, కింది అంతస్తు గదే కావాలని, పక్కన వంటకు ఉత్సాహపడే మా బంధువావిడ ఉండకూడదని షరతు పెట్టారు. వనాకా మోటెల్‌లో కింది అంతస్తు యూనిట్లు ఆరే ఉన్నాయి, వాటిని అడిగినవారు తొమ్మిదిమంది. జాబితా పంపడానికి ఇంకా మూడు వారాలు గడువుంది.